బల్బు దాటిన కరెంటు

ఆ మధ్యాహ్నం హైమవతి కేసెట్టు పెట్టి మీట నొక్కి, బియ్యంలో రాళ్ళేరుకుందామని చేట ముందు పెట్టుకుని కూర్చుంది. ఫరీదాబాద్ నుంచి వచ్చిన కేసెట్టు అది. కాసేపు గరగరమంది. ఎవరో గ్లాసు కింద పెట్టిన చప్పుడు. ఆ తర్వాత ఒక ఆడపిల్ల గొంతు.

"నమస్తే ఆంటీ. నేను భవ్యశ్రీని. మీరు పంపిన కరెంటు పాఠం విన్న. మంచిగ చదివిన్రు. మధ్యల మీ పక్కింట్ల కుక్కర్ నాలుగు సీటీలు గొట్టింది. రాజ్మా అనుకుంట." చిన్న నవ్వు. "గానీ ఆంటీ, పాఠం మొత్తంల ఐదుసార్లు 'చిత్ర్ మే దేఖియే' అని చదివిన్రు. నేను లెక్కపెట్టిన. గా చిత్రం నాకేడ కనబడ్తది?"

హైమవతి చేతిలో బియ్యం చేతిలోనే ఉండిపోయింది. కేసెట్టు ఆపి, వెనక్కి తిప్పి మళ్ళీ విన్నది. ఆ పిల్ల గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండుననిపించింది.

అవి తొంభై అయిదు ఫిబ్రవరి రోజులు. ఢిల్లీ కంటోన్మెంటులో, మగవాళ్ళు సరిహద్దుల్లో ఉంటే కుటుంబాలు మాత్రం ఉండే క్వార్టర్ల వరుస ఒకటుంది. అందులో రెండో అంతస్తులో హైమవతి ఒక్కతే ఉండేది. భర్త రాజగోపాల్ సైన్యంలో వైర్‌లెస్సు, టెలిఫోన్లు చూసే సిగ్నల్స్ విభాగంలో సుబేదారు. ఏడాదిన్నరగా తూర్పు కొండల్లో ఎక్కడో ఉన్నాడు. ఎక్కడో అతను రాయకూడదు, ఆమె అడగకూడదు. పెళ్ళయి ఇరవై రెండేళ్ళు. పిల్లలు లేరు. జబల్పూరు, జోధ్‌పూరు, అంబాలా తిరిగారు. ప్రతిచోటా ఎవరో ఒక తెలుగావిడ దొరికేది, పచ్చళ్ళో పాతచీరల సంగతో మాట్లాడుకోవడానికి. ఇక్కడ దొరకలేదు. చుట్టుపక్కల గఢ్వాలీలు, పంజాబీలు. మంచివాళ్ళే. కాని వాళ్ళ మాటలన్నీ పిల్లల బడి బస్సు చుట్టూ, యూనిట్ టెస్టుల చుట్టూ తిరిగేవి. హైమవతి మెట్ల దగ్గర రెండు నిమిషాలు నిలబడి, నవ్వి, పైకి వచ్చేసేది.

పాలబూతు దగ్గర "ఏక్ లీటర్", కూరల బండి దగ్గర "భయ్యా, ఆధా కిలో". కొన్ని రోజులు నోటి నుంచి వచ్చే మాటలు అంతే. ఒకసారి తను తెలుగు మాట ఒక్కటైనా పలికి వారమైందని గుర్తొచ్చి, వంటింట్లో నిలబడి బుట్టలో కూరల పేర్లు పైకి చదివింది. బీరకాయ, దోసకాయ, గోరుచిక్కుడు. తన గొంతు తనకే కొత్తగా వినిపించి భయం వేసింది.

పదిహేను రోజులకోసారి రాజగోపాల్ ఉత్తరం వచ్చేది. 'హైమా, నేను క్షేమం. ఇక్కడ చలి. నువ్వు జాగ్రత్త. గ్యాసు సిలిండరు ముందుగా బుక్ చెయ్యి.' ఆ నాలుగు ముక్కలే. మనిషి ఎదురుగా ఉన్నా అంతే మాట్లాడేవాడు కాబట్టి ఆమె ఆశ్చర్యపోయేది కాదు.

అలాంటి రోజుల్లోనే కుటుంబ సంక్షేమ సమావేశానికి కల్పన వచ్చింది. వసంత్ కుంజ్‌లో ఉండే ప్రభుత్వాధికారి భార్య ఆమె. ఇంట్లో ఒక గది కేటాయించి, చూపులేని విద్యార్థుల కోసం పాఠ్యపుస్తకాలు చదివించి కేసెట్లలో నింపించేది. "తెలుగువాళ్ళమ్మాయి ఒకతి ఉందండీ, ఫరీదాబాద్‌లో. ఓపెన్ స్కూల్లో పదోక్లాసు. పరీక్ష హిందీలోనే, కాని సైన్సు తెలుగులో ఎవరైనా వివరంగా చెబితే తలకెక్కుతుందంటోంది. మీరు చదువుతారా?" అని అడిగింది.

"నాకు సైన్సు రాదండీ. ఇంటర్‌లో ఆర్ట్స్ చదివాను," అంది హైమవతి.

"చదవడమేగా! ఉన్నది ఉన్నట్టు చదివి, అర్థం చెప్పండి చాలు."

హైమవతి అలాగే ఉన్నది ఉన్నట్టు చదివింది. హిందీ వాక్యం చదవడం, పక్కనే తెలుగులోకి మార్చి చెప్పడం. విద్యుత్ ధార అంటే విద్యుత్ ప్రవాహం, విభవాంతర్ అంటే పొటెన్షియల్ భేదం. ఆ తెలుగు మాటా తనకు అర్థం కాలేదు. అర్థం కానిదాన్ని అర్థమైనట్టు చదవడం కష్టం కాదని మాత్రం తెలిసింది. దాని ఫలితమే ఆ ఐదుసార్ల లెక్క.

మర్నాడు పొద్దున పుస్తకం తెరిచి ఆ మొదటి బొమ్మ ముందు కూర్చుంది. ఒక పొడుగు గీత, ఒక పొట్టి గీత, వాటి నుంచి తీగలు, సున్నాలో ఒక ఇంటూ గుర్తు. దీన్ని మాటల్లో ఎలా చెప్పాలి? చెప్పాలంటే ముందు తనకు తెలియాలి. కంటోన్మెంటు సదర్ బజారులో కరెంటు సామాన్ల కొట్టుకు వెళ్ళి రెండు టార్చి బల్బులు, వాటి హోల్డర్లు, నాలుగు సెల్లులు, కొంత తీగ, ఒక చిన్న బజర్ అడిగింది. కొట్టతను కాగితంలో చుట్టిస్తూ, పిల్లల బడి పని కోసమనుకుని, "బచ్చే కా ప్రాజెక్ట్ హై, దీదీ?" అన్నాడు.

"హాఁ," అంది హైమవతి.

దారంతా ఆ 'హాఁ' ఆమె వెంటే వచ్చింది.

ఇంటికొచ్చి సెల్లు నెత్తిన ఉన్న బొడిపె నుంచి ఒక తీగ తెచ్చి బల్బుకు ఆనించింది. వెలగలేదు. తీగ మార్చింది. వెలగలేదు. సెల్లే పాడైందనుకుంది. చివరికి రెండో తీగ సెల్లు అడుగు నుంచి తెచ్చి బల్బు రెండో వైపుకు ఆనించేసరికి చటుక్కున వెలిగింది. ఎదురుగా ఎవరూ లేరు గాని, "అదీ!" అని గట్టిగా అరిచేసింది. ఇరవై రెండేళ్ళుగా మీటలు నొక్కుతూనే ఉంది. ఒక తీగ వెళ్ళడానికి, ఒకటి తిరిగి రావడానికి అన్న సంగతి ఎన్నడూ మనసుకు రాలేదు.

ఆ సాయంత్రమే కేసెట్టు నింపింది. కిటికీలు మూసి మొదలుపెట్టింది.

"భవ్యా, తప్పు నాదేనమ్మా. ఇప్పుడు బొమ్మ చెబుతాను. నీ చేతి గాజు ఒకటి తీసి పట్టుకో. ఆ గాజే సర్క్యూట్ అనుకో. నీ వైపున్న చోట సెల్లుంది. నీకు అవతలి వైపు బజర్ ఉంది. సెల్లు బొడిపె నుంచి బయల్దేరి, గాజు మీద వేలు జరుపుకుంటూ వెళ్ళు. బజర్ వస్తుంది. ఆగకు. ఇంకా జరిపితే మళ్ళీ సెల్లు అడుగుకు వస్తావు. గాజు ఎక్కడ చిట్లినా బజర్ మోగదు. ఇప్పుడు విను." బజర్ కీచుమంది. తీగ తీసేసింది. మళ్ళీ పెట్టింది. "ఇంకో సెల్లు కలుపుతున్నా, విను." ఈసారి కీచు గట్టిగా వచ్చింది. మధ్యలో ఒక పెన్సిల్ ముల్లును కలిపింది. కొంచెం నీరసించింది. ముల్లు మీద తీగను దగ్గరకు జరుపుతూ పోతే మళ్ళీ పుంజుకుంది. "ఆ ముల్లు చేసే అడ్డానికే నిరోధమని పేరట."

పొటెన్షియల్ భేదం దగ్గర మాత్రం రెండు రోజులు ఆగింది. రెండు గ్లాసుల నీళ్ళు, వాటి మధ్య ఒక రబ్బరు గొట్టం పెట్టి చూసుకుంది. గ్లాసుల్లో నీళ్ళు ఒకే ఎత్తున ఉన్నంతసేపు గొట్టంలో కదలిక లేదు. ఒక గ్లాసును పీట మీద పెడితే పరుగే. "ఎన్ని నీళ్ళున్నాయన్నది కాదమ్మా. రెండు చోట్ల మధ్య ఎత్తులో తేడా ఉందా లేదా అన్నదే. సెల్లు చేసే పని ఆ తేడాను నిలబెట్టడం. అమ్మనడిగి నువ్వూ చేసి చూడు. గొట్టం చివర వేలు పెట్టుకో."

పది రోజుల్లో జవాబు వచ్చింది. భవ్యశ్రీ గొంతు ఎగిరి గంతులేస్తున్నట్టుంది. "ఆంటీ, నా గాజు పలిగింది! అమ్మ తిట్టింది. గానీ నాకు సమజైంది. నీళ్ళు గూడ చేసినం. ఇల్లంత తడి." అక్కడి నుంచి ప్రతి వారం ఒక కేసెట్టు అటు, ఒకటి ఇటు. పాఠమయ్యాక చివర్లో పావుగంట కబుర్లు. భవ్యశ్రీ వాళ్ళ నాన్న ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో ఫిట్టరు, అమ్మ పేరు ఉమ, ఊరు కరీంనగర్ వైపు. ఎనిమిదో ఏట మెదడు జ్వరం వచ్చి చూపు పోయింది. ఆ సంగతి కూరల ధర చెప్పినట్టు చెప్పింది. హైమవతి కూడా తన సంగతులు కొన్ని చెప్పడం మొదలుపెట్టింది. మొదట గోరుచిక్కుడు వండానని. తర్వాత ఈ వారం ఉత్తరం రాలేదని. కేసెట్టు ఆపగానే గదిలో నిశ్శబ్దం ఒక్కసారిగా మీద పడేది. అందుకని ఒక్కోసారి చెప్పవలసింది అయిపోయినా మీట నొక్కకుండా కూర్చునేది. అవతల ఆ పిల్ల ఆ ఖాళీని కూడా వినేదేమో.

ఏప్రిల్ మొదట్లో ఒక కేసెట్టులో భవ్యశ్రీ అడిగింది. "ఆంటీ, ఒక సవాల్. సెల్లు నుంచి వచ్చిన కరెంటు బల్బును వెలిగించినాక తక్కువైతదా? అంటే, బల్బుకు ముందల ఎంతుంటది, దాటినాక ఎంతుంటది?"

పుస్తకంలో అది సూటిగా లేదు. హైమవతి తనకు తోచినట్టు ఆలోచించింది. బల్బు వెలుగుతోందంటే ఏదో ఖర్చవుతోంది కదా. పొయ్యి కట్టెను తిన్నట్టు బల్బు కరెంటును తినకపోతే వెలుగు ఎక్కణ్ణుంచి వస్తుంది? "అవునమ్మా, దాటాక కొంచెం తగ్గుతుంది. బల్బు వాడేసుకుంటుంది కదా," అని చెప్పి పంపేసింది.

ఆ వారం రాజగోపాల్‌కు ఉత్తరం రాస్తూ, రాయడానికి వేరే ఏమీ లేక ఆ సంగతే రాసింది. అమ్మాయి ఇలా అడిగింది, నేనిలా చెప్పాను అని. వాళ్ళ యూనిట్టు పేరు, చివర సైనిక తపాలా వాళ్ళ ఏ.పీ.ఓ. నంబరు రాసి డబ్బాలో వేసింది.

జవాబు మే నెల మొదటి వారంలో వచ్చింది. ఎప్పుడూ వచ్చే పల్చటి ఇన్లాండు కాదు. కవరు. లోపల రెండు వైపులా నింపిన రెండు కాగితాలు. హైమవతి నిలబడే చదివింది. ఏదో కీడు వార్తేమోనని భయపడింది.

'హైమా, నువ్వు ఆ పిల్లకు చెప్పింది తప్పు. కరెంటు తగ్గదు. బల్బుకు ముందు ఎంతో, దాటాక అంతే. మా జవాన్లు నూరుమంది గుండ్రంగా మార్చ్ చేస్తున్నారనుకో. దారిలో ఒకచోట ఇరుకైన చెక్క వంతెన ఉంది. ఆ వంతెన వల్ల వరస మొత్తం నెమ్మదిస్తుంది. కాని నిమిషానికి ఎందరు ఎక్కుతారో అందరే దిగుతారు. వంతెన మనుషుల్ని మింగదు. దిగినవాళ్ళు అలిసిపోయి ఉంటారు, అంతే. ఆ ఖర్చయినది శక్తి. సెల్లు మళ్ళీ వాళ్ళకు శక్తినిచ్చి పంపిస్తుంది. అందుకే అమ్మీటరును దారిలోనే, అంటే సిరీస్‌లో, ఎక్కడ పెట్టినా ఒకే అంకె చూపిస్తుంది. వోల్టుమీటరు అలా కాదు. బల్బుకు ఇటో కాలు, అటో కాలు వేసి కొలవాలి. ఒక్క చోట నిలబడి వోల్టేజి ఎంత అంటే అర్థం లేదు, దేనికీ దేనికీ మధ్య అని అడగాలి...'

అలా సాగింది. పక్కన బొమ్మలు, చిన్న బాణాలు. ఒకచోట సిరా అలుక్కుపోయి ఉంది. చివర్లో గ్యాసు సిలిండరు మాట లేదు. 'చలికి వేళ్ళు వంగడం లేదు, లేకపోతే ఇంకా రాద్దును' అని ఉంది.

ఇంత రాయగల మనిషా ఈయన! హైమవతి మంచం మీద కూర్చుని మళ్ళీ మొదటి నుంచి చదివింది. మూడోసారి చదువుతుండగా తట్టింది, భవ్యశ్రీ సైన్సు పరీక్ష ఎల్లుండే. కేసెట్టు నింపి పోస్టు చేసినా అందదు. వాళ్ళింట్లో ఫోను లేదు. తన గొంతుతో చెప్పిన తప్పు ఆ పిల్ల చెవిలో ఉంది.

బల్బులు, హోల్డర్లు, సెల్లులు, తీగ, ఆ ఉత్తరం అన్నీ సంచిలో వేసుకుని బయల్దేరింది. బస్సులో నిజాముద్దీను స్టేషనుకు, అక్కడ లోకల్ రైల్లో ఫరీదాబాద్‌కు, అక్కడ రిక్షా. ఎండ నిప్పులు కక్కుతోంది. ఫ్యాక్టరీ గోడల పక్కనే సెక్టారు క్వార్టర్లు. నంబరు వెతుక్కుని తలుపు తట్టితే ఒక నడివయసు ఆవిడ తీసింది.

"ఉమగారేనా? నేను హైమవతిని. కంటోన్మెంటు నుంచి..."

ఆమె నోరు విప్పేలోగానే లోపలి నుంచి కేక వినిపించింది. "హైమా ఆంటీ!"

హైమవతి ఊహల్లో ఆ పిల్ల చిన్నది, రెండు జడలది. గుమ్మంలోకి వచ్చిన భవ్యశ్రీ తనకంటే జానెడు పొడుగుంది. చెయ్యి చాచి హైమవతి మోచెయ్యి పట్టుకుని, వదలకుండానే చాప మీదికి తీసుకెళ్ళింది. ఉమ నిమ్మకాయ షర్బతు తెచ్చి ఇచ్చింది. హైమవతి గ్లాసు పక్కన పెట్టేసింది.

"భవ్యా, నేను నీకు తప్పు చెప్పానమ్మా. బల్బు దాటాక కరెంటు తగ్గదు."

భవ్యశ్రీ తల పక్కకు వంచింది. "నాకు డౌటే వచ్చింది ఆంటీ."

"ఎలా?"

"ఆ మాట కాడ మీ గొంతుల ధీమా లేకుండె. మిగతా పాఠంల ఉన్నది. గాజు కాడ, నీళ్ళ కాడ మస్తు ఉన్నది. గీ ఒక్క కాడ, ఉన్న మాట చెప్తున్నట్టు లేదు. గానీ మీరు చెప్పిన్రు గదా అని, పరీక్షల నా బదులు రాసేటామెతోటి అదే రాపిద్దమనుకున్న."

హైమవతి సంచి తెరిచి సామాను పరిచింది. సెల్లులు వరసగా పెట్టి, బల్బులు రెండూ ఒకదాని తర్వాత ఒకటి వచ్చేలా కలిపింది. ఒక్కో తీగా భవ్యశ్రీ వేళ్ళతో తడిమించింది. "ఇది మొదటి బల్బు. కరెంటు ముందు దీంట్లోకి వెళ్తుంది. ఇది దాటాక రెండోదానికి. నేను చెప్పిందే నిజమైతే రెండోది మొదటిదానికంటే చల్లగా ఉండాలి. ఎడమ చెయ్యి దీని మీద, కుడి చెయ్యి దాని మీద పెట్టు."

ఆఖరి తీగ ఆనించింది. భవ్యశ్రీ రెండు గాజు బుడ్లనూ వేళ్ళ మధ్య పట్టుకుని కదలకుండా కూర్చుంది. ఒక నిమిషం గడిచింది. పక్కింట్లో ఎవరో బట్టలు బాదుతున్నారు.

"రెండూ ఒక్కతీరుగ వెచ్చగైనయ్," అంది. హోల్డర్ల స్థానాలు మార్పించి మళ్ళీ పట్టుకుంది. "అంతే. ఫరక్ లేదు." తర్వాత నెమ్మదిగా అడిగింది. "వెలుగుతున్నయా ఆంటీ?"

"ఆఁ."

"ఏ రంగుల?"

హైమవతి వంగి చూసింది. "పసుపు. కాస్త ఎరుపు కలిసినట్టు. మంట తగ్గించిన దీపంలా."

"యాదికున్నది," అంది భవ్యశ్రీ.

ఆ తర్వాత రాజగోపాల్ ఉత్తరం మొత్తం చదివి వినిపించింది. జవాన్ల వంతెన దగ్గర భవ్యశ్రీ చప్పట్లు కొట్టింది. "అంకుల్ బహుత్ అచ్ఛా చెప్తడు ఆంటీ. ఇంట్ల గూడ గిట్లనే చెప్తడా?"

హైమవతి "ఆఁ, చెబుతారు" అంది. ఈసారి కూడా గొంతులో ధీమా లేదని ఆ పిల్లకు వినిపించే ఉంటుంది.

ఫలితాలు వచ్చాయి. సైన్సులో అరవై ఒకటి. భవ్యశ్రీ కేసెట్టు పంపింది, సగం నవ్వులే. టెలిఫోను ఆపరేటర్ల శిక్షణకు డెహ్రాడూన్‌లో సీటొచ్చిందని, హాస్టల్లో ఉంటానని చెప్పింది. అక్కడి నుంచి మరో రెండు కేసెట్లు వచ్చాయి. మొదటిది గంటసేపు. రెండోది పది నిమిషాలు. స్నేహితురాళ్ళెవరో వెనక నుంచి పిలుస్తున్నారు, వస్తున్నానంటూ భవ్యశ్రీ "ఆయీ, ఆయీ" అంటోంది. ఆ తర్వాత రాలేదు. కావలసింది కూడా అదే కదా అనుకుంది హైమవతి. అయినా కొన్నాళ్ళు పోస్టు వేళకు మెట్ల దగ్గరే నిలబడింది.

సెప్టెంబరులో రాజగోపాల్ నెల సెలవు మీద వచ్చాడు. మనిషి నల్లబడ్డాడు, చెంపలు లోపలికి పోయాయి. ఆమె వారం ముందు నుంచే అతనితో ఏమేం మాట్లాడాలో అనుకుంటూ ఉంది. మొదటి రోజు పెసరట్లు వేస్తూ, "మీ వంతెన ఆ పిల్లకు ఎంత నచ్చిందనుకున్నారు! చప్పట్లు కొట్టింది," అంది.

"ఊఁ," అన్నాడు పేపర్లోంచి.

"మరి ఇంట్లో కరెంటు ఒకసారి అటూ, ఒకసారి ఇటూ తిరుగుతూ ఉంటుందటగా. అలాంటప్పుడు మీ జవాన్లు ఏం చేస్తారండీ?"

అతను తలెత్తి చూశాడు. ఏదో చెప్పబోయినట్టు పెదవులు కదిలాయి. "అది వేరే. పెద్ద సంగతి," అని మళ్ళీ పేపరు అందుకున్నాడు. కోపమేమీ లేదు. ఆ నెలంతా బజారుకు తోడొచ్చాడు, కారుతున్న కుళాయి బాగుచేశాడు, ఆమెకు జ్వరమొస్తే రెండు రోజులు గంజి కాచి ఇచ్చాడు. మాటలు మాత్రం నాలుగే. సెలవు అయిపోయి స్టేషన్లో రైలు కదిలేటప్పుడు, "జాగ్రత్త హైమా," అన్నాడు.

కల్పన ఇప్పుడు ఆమెకు హిందీలో చరిత్ర పుస్తకం ఇచ్చింది. వినే తెలుగువాళ్ళెవరూ లేరట. హైమవతి చదువుతూ బొమ్మ వచ్చిన ప్రతిచోటా ఆగి, కోట గోడ ఎంత ఎత్తుందో, రాజు ఏ చేతిలో ఏం పట్టుకున్నాడో తన వచ్చీరాని హిందీలో చెప్పేది. కల్పన విని, మిగతా చదివేవాళ్ళకు కూడా అలాగే చెయ్యమని చెప్పింది. అవతల వినేది ఎవరో హైమవతికి తెలియదు. జవాబు కేసెట్లు రాలేదు.

అక్టోబరులో ఒక ఆదివారం బల్లముందు కూర్చుని ఉత్తరం మొదలుపెట్టింది. క్షేమం, చలి మొదలైంది, సిలిండరు వచ్చింది. ఆ మూడు ముక్కలయ్యాక కలం ఆగింది. తర్వాత కాగితం మీదికి వంగి రాసింది. 'ఏవండీ, నాకో సందేహం. రెండు బల్బుల్ని ఒకదాని తర్వాత ఒకటి కాకుండా, పక్కపక్కన కలిపితే ఒకటి మాడిపోయినా రెండోది వెలుగుతూనే ఉంటుందట. అదెలాగో నాకు అర్థం కావడం లేదు. కాస్త వివరంగా రాయండి.'

అదెలాగో ఆమెకు తెలుసు. ఫరీదాబాద్ నుంచి వచ్చిన రాత్రే ఆ రెండు బల్బులతో చేసి చూసుకుంది. అయినా కవరు అంటించి, చీర మార్చుకుని, పోస్టు డబ్బా దాకా నడిచివెళ్ళి వేసి వచ్చింది.